మా గల్లీలను మ్యాప్‌లోకి ఎక్కించిన ఆరు నెలలు

నేను వరంగల్‌లో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పొద్దున ఐదున్నరకు స్కూటీ తీస్తే తొమ్మిదిన్నర దాకా ఇళ్లకు వెళ్లి రక్తం శాంపిళ్లు తీసుకోవడమే పని. కరీమాబాద్, ఉర్సు, శంభునిపేట, రంగశాయిపేట, ఖిలా వరంగల్ నా లైన్. పరగడుపున ఉన్నవాళ్లు మన కోసం ఎదురు చూస్తూ ఉంటారు, కాబట్టి దారి తప్పితే పోయేది మన టైమ్ ఒక్కటే కాదు.

2024 నవంబర్ 19, మంగళవారం. ఆ రోజు ఆరుంబావుకు నాలా పక్క బస్తీలో ఒక అవ్వకు ఫాస్టింగ్ షుగర్ తీయాలి. ఆ బస్తీ పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకో ముందుకు చదివితే మీకే అర్థమవుతుంది. ఫోన్‌లోని మ్యాప్ నాలా మీదుగా నేరుగా దారి చూపించింది. తీరా వెళ్తే అక్కడ కల్వర్టు లేదు. 2023 జూలై వానలకు కొట్టుకుపోయిందట. రెండు సిమెంటు పైపులు, వాటి మీద మొలిచిన తుమ్మచెట్టు మాత్రం ఉన్నాయి. వెనక్కి తిరిగి, మెయిన్ రోడ్డు ఎక్కి, అవతలి వైపు నుంచి వస్తే మ్యాప్‌లో లేని మూడు గల్లీలు. అడుగుతూ అడుగుతూ చేరేసరికి ఏడూ ఐదు.

అవ్వ గడపలో కూర్చుని ఉంది. చేతులు వణుకుతున్నాయి, నుదుటి మీద చెమట. రాత్రి ఎనిమిదింటికి తిన్న మనిషి, షుగర్ మాత్ర కూడా వేసుకుంది. గ్లూకోమీటర్‌తో చూస్తే 58. టెస్ట్ మాట పక్కన పెట్టి ముందు చక్కెర నీళ్లు తాగించాం. కాస్త తేరుకున్నాక అవ్వ అన్న మాట: "దారి దొరకలేదా బిడ్డా? మా గల్లీ గట్లనే ఉంటది, ఎవలకూ దొరకది." తప్పు నాది, మ్యాప్‌ది అయితే తన గల్లీ తప్పన్నట్టు మాట్లాడింది. ఆ రోజంతా నాకు పని మీద మనసు లేదు.

సాయంత్రం ఆ మ్యాప్ యాప్‌లోనే కల్వర్టు లేదని ఫోటో పెట్టి ఫిర్యాదు చేశాను. పరిశీలిస్తామని మెసేజ్ వచ్చింది. డిసెంబర్ నెలాఖరు దాకా రోజూ చూశాను. ఆ దారి అట్లాగే ఉంది.

డిసెంబర్ 29 ఆదివారం, మా ల్యాబ్‌లో నాతో పాటు పనిచేసే అమ్మాయి వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు ఈ సంగతి వచ్చింది. వాళ్ల తమ్ముడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. "అక్కా, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఒకటుంది. అందులో మీరే మార్చుకోవచ్చు, ఎవరి పర్మిషన్ అక్కర్లేదు" అన్నాడు. నేను నమ్మలేదు. లాప్‌టాప్ తెరిచి చూపించాడు. భద్రకాళి చెరువు ఉంది, రైలు పట్టాలు ఉన్నాయి, మెయిన్ రోడ్లు ఉన్నాయి. ఖిలా వరంగల్ ప్రాకారం గుండ్రంగా కనిపిస్తోంది. రోజూ ఆ కోట గుమ్మంలోంచి మలుపులు తిరుగుతూ వెళ్తాను గానీ, దాని ఆకారం అట్లా పైనుంచి చూడటం నాకు అదే మొదటిసారి. తర్వాత అవ్వ వాళ్ల బస్తీ దగ్గరికి జరిపాం. నాలా గీత కూడా లేదు. తెల్లగా ఖాళీ. దాదాపు రెండు వందల ఇళ్లున్న చోటు, మనుషులే లేనట్టు ఉంది.

అకౌంట్ తెరవడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఈమెయిల్ ఉంటే చాలు, డబ్బులేమీ అడగలేదు. వెబ్‌సైట్‌లోనే గీసే పనిముట్టు ఉంటుంది, దాని పేరు ఐడీ ఎడిటర్. మొదట ఒక పాఠం చెప్తుంది, అమెరికాలో త్రీ రివర్స్ అనే ఊరి మ్యాప్ మీద మనతో రోడ్లు, ఇళ్లు గీయిస్తుంది. నాకు గంటన్నర పట్టింది. తొందరపడి దాన్ని దాటేయకండి.

2025 జనవరి 12 ఆదివారం, సంక్రాంతి సెలవుల్లో మొదటి మార్పు చేశాను. శాటిలైట్ ఫోటో మీద గల్లీలు చూసుకుంటూ గీతలు గీయడమే. బింగ్, ఎస్రీ సర్వీసుల శాటిలైట్ ఫోటోలు ఈ మ్యాప్ కోసం వాడుకోవడానికి అనుమతి ఉంది. అయితే ఫోటో పాతది. ఇప్పుడు మూడంతస్తుల ఇళ్లున్న చోట అందులో ఖాళీ జాగా ఉంది, వేపచెట్ల కింద గల్లీలు కనబడవు. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి రాత్రి ఎనిమిదింటి దాకా పదకొండు గల్లీలు గీశాను. సేవ్ నొక్కే ముందు టెన్షన్ వచ్చింది, ఎవరో ఒకరు చూసి సరే అంటేనే ఎక్కుతుందేమో అనుకున్నా. అట్లాంటిదేమీ లేదు. నొక్కిన కొద్ది నిమిషాలకే ప్రపంచంలో ఎవరు చూసినా కనిపించే మ్యాప్‌లో మా గల్లీలు ఉన్నాయి. మా అమ్మను పిలిచి చూపించాను.

కనుమ రోజున ఈమెయిల్ వచ్చింది. వేరే ఊళ్లో ఉండే ఒక మ్యాపర్ నా మార్పుల కింద ఇంగ్లీషులో మూడు విషయాలు రాశారు. స్వాగతం అని మొదలుపెట్టారు గానీ, చదువుతుంటే నా చెవులు వేడెక్కాయి. ఒకటి, నేను గీసినవి అసలు దారి నుంచి ఏడెనిమిది మీటర్లు పక్కకు ఉన్నాయి. శాటిలైట్ ఫోటో ఒక్కోసారి పక్కకు జరిగి ఉంటుందట. అక్కడ నడిచినవాళ్ల జీపీఎస్ జాడలతో పోల్చి, ఫోటోను ముందు సరిగ్గా జరుపుకుని అప్పుడు గీయాలి. రెండోది, నాలుగు గల్లీలు మెయిన్ రోడ్డుకు తగలలేదు. కంటికి కలిసినట్టే ఉన్నాయి. బాగా దగ్గరికి జూమ్ చేస్తే మధ్యలో వెంట్రుకంత సందు. ఆ సందు ఉంటే దారి చూపించే యాప్‌కు అది దారి కాదు, చుట్టూ తిప్పి తీసుకుపోతుంది. రెండు గీతలు నిజంగా కలిస్తే వాటి మధ్య చుక్క ఒక్కటే ఉంటుంది. ఇప్పుడు ప్రతి గల్లీ కొసకు వెళ్లి ఆ చుక్క చూసుకున్నాకే సేవ్ నొక్కుతాను.

మూడోది పేర్ల గురించి. ఒక గల్లీకి నేను "కిరాణం పక్క గల్లీ" అని పేరు పెట్టాను. అది పేరు కాదు, వర్ణన అన్నారు. నాకు కోపం వచ్చింది. మా దగ్గర ఎవరిని అడిగినా అట్లాగే చెప్తారు కదా! ఇంటి నంబర్లు ఉంటాయి గానీ వరుసగా ఉండవు. నీళ్ల ట్యాంకు వెనక, రావిచెట్టు ఎదురుగా, మసీదు సందు... మన అడ్రసులు ఇట్లానే నడుస్తాయి. రెండు రోజులు ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాక ఆయన చెప్పింది అర్థమైంది. కిరాణాన్ని కిరాణంగా పెట్టు, రావిచెట్టును చెట్టుగా పెట్టు, ట్యాంకును ట్యాంకుగా పెట్టు. గల్లీకి నిజంగా పేరుంటేనే రాయి. అది సరైన మాటే. కానీ జనం నోట స్థిరపడిపోయిన పేరైతే, బోర్డు లేకపోయినా అది పేరే అని నేను ఇప్పటికీ అనుకుంటాను. వాటి కోసం స్థానికంగా పిలిచే పేరు అని వేరే గడి ఉంది, అందులో రాస్తున్నాను.

ఇంకో తప్పు కూడా చెప్పాలి. కొన్ని దుకాణాల పేర్లు గుర్తులేక, ఇంకో కంపెనీ మ్యాప్‌లో చూసి ఎక్కించబోయాను. ఆ ఇంజినీరింగ్ తమ్ముడు గట్టిగా ఆపాడు. వేరే మ్యాప్ నుంచి ఒక్క పేరు కూడా తీసుకోకూడదు, అది వాళ్ల సొత్తు. మన కంటితో చూసింది, అక్కడి మనుషులు చెప్పింది, అనుమతి ఉన్న ఫోటోలో కనిపించింది, అంతే. కాబట్టి నడవక తప్పదు.

జనవరి 19 నుంచి ప్రతి ఆదివారం నడక మొదలైంది. ఫోన్‌లో స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ వేసుకున్నాను. మనం నిలబడ్డ చోటు గురించి చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతుంది: ఈ రోడ్డు సీసీనా, మట్టిదా? వీధి దీపం ఉందా? ఈ బిల్డింగ్ ఎన్ని అంతస్తులు? జవాబు నొక్కితే మ్యాప్‌లోకి వెళ్లిపోతుంది. కొత్తవాళ్లకు ఐడీ ఎడిటర్ కంటే ముందు ఇదే చెప్తాను. ఇబ్బందల్లా జీపీఎస్‌తో. రెండు వైపులా ఎత్తు ఇళ్లున్న గల్లీలో నడిస్తే జాడ గోడల్లోంచి వంకరటింకరగా పోతుంది. ఒకే గల్లీని మూడు నాలుగు సార్లు నడిచి మధ్యస్తంగా తీసుకోవాల్సి వచ్చింది. మూడు గంటల్లో ఫోన్ చార్జింగ్ తొంభై నుంచి ఇరవై ఐదుకు పడిపోయేది, అందుకే 1,299 పెట్టి పవర్ బ్యాంక్ కొన్నాను. స్కూటీకి ఫోన్ హోల్డర్ 350, రెండు నోట్‌బుక్కులు 80, పెట్రోల్ వారానికి 60 లెక్క. మొత్తం మీద ఇప్పటిదాకా దాదాపు మూడు వేలు. ఏప్రిల్ తర్వాత ఎనిమిదిన్నర దాటితే ఎండ తట్టుకోలేం, ఆరింటికే బయలుదేరేదాన్ని.

ఒక నియమం నాకు నేను పెట్టుకున్నాను. నేను ఎవరింటికి శాంపిల్‌కు వెళ్తానో ఆ ఇల్లు నా పనివల్ల మ్యాప్‌లో ప్రత్యేకంగా కనబడకూడదు. మనిషి పేరు, రోగం, ఫోన్ నంబర్ ఏదీ రాయను. మామూలుగా ఆ మ్యాప్‌లో కూడా ఇళ్ల మీద మనుషుల పేర్లు పెట్టరు.

ఫిబ్రవరి 9న నాలా బస్తీకి వెళ్లాను. అసలు ఈ పనంతా దాని కోసమే మొదలుపెట్టాను గానీ, ధైర్యం చాలక ముందు మిగతావి చేశాను. ఫోన్ పట్టుకుని నోట్‌బుక్‌లో గీతలు గీస్తూ రెండో గల్లీలోకి వచ్చేసరికి ఆడవాళ్లు నలుగురైదుగురు చుట్టూ చేరారు.

"ఎవలు పంపిన్రు బిడ్డా నిన్ను?"

"సర్వేనా? ఇండ్లు గూలగొడ్తరా?"

నాలా పక్కన ఉండేవాళ్లకు చేతిలో కాగితం పట్టుకుని కొలతలు రాసుకునే మనిషి కనిపిస్తే ఇంకో ఆలోచన రాదు. ఎవరూ పంపలేదంటే నమ్మరు. నా ల్యాబ్ ఐడీ కార్డు చూపించాను, అవ్వ షుగర్ సంగతి చెప్పాను. ఆ మాటకు ఒకామె పోల్చుకుంది, "సూదులమ్మవు గదా" అని. అప్పుడు అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఒక పెద్దాయన లేచి నన్ను వాళ్లింటి గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. సున్నం మీద నా భుజం ఎత్తున మట్టిరంగు గీత ఉంది. "గిక్కడిదాక వచ్చినయి నీళ్లు. మా మనుమరాలిని బియ్యం డ్రమ్ముల గూసోవెట్టినం." ఆ గీత మీద మళ్లీ సున్నం వేయలేదు, ఎవరైనా అడిగితే చూపించడానికట. నేను అరచేయి ఆ గీత మీద పెట్టి చూశాను. గోడ ఇంకా అక్కడ గుల్లగా ఉంది, గోరు తగిలితే రాలుతోంది.

అక్కడే మాట ఇచ్చాను. "మీ ఇళ్లు నేను గీయను. గల్లీలు, నాలా, కొట్టుకుపోయిన కల్వర్టు, బోరింగు, అంగన్‌వాడీ, అంతే." సరే అన్నారు. ఆ తర్వాత వాళ్లే వెంట తిరిగి చూపించారు. ఆ ఒక్క పొద్దుట పద్నాలుగు గల్లీలు అయ్యాయి. ఏ గల్లీ ఎక్కడ ఆగిపోతుందో, ఎక్కడ ఆటో తిరగదో, ఎక్కడ మనిషి ఒక్కడే పట్టేంత సందు ఉందో, ఇవి ఏ శాటిలైట్ ఫోటోలోనూ కనబడవు.

ఫిబ్రవరి, మార్చి నెలలు మామూలుగా గడిచాయి. తెలుగు పేర్లు రాయడం మొదలుపెట్టాను. మన దేశంలో ఈ మ్యాప్‌లో మొదటి పేరు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగు పేరుకు వేరే గడి. వెబ్‌సైట్‌లో మామూలుగా కనబడేది ఇంగ్లీషే కాబట్టి మొదట్లో నీరసం వచ్చింది. కానీ ఫోన్‌లో ఇదే మ్యాప్‌ను చూపించే ఓస్మాండ్ యాప్ వేసుకుని మ్యాప్ భాష తెలుగు అని పెట్టుకుంటే రంగశాయిపేట రంగశాయిపేటగానే కనిపిస్తుంది. హనుమకొండ దగ్గర కొంచెం ఆగాను. 2021లో వరంగల్ అర్బన్ జిల్లాను హనుమకొండ అని, వరంగల్ రూరల్‌ను వరంగల్ అని మార్చారు. మనమేమో ఇప్పటికీ నోటితో హన్మకొండ అంటాం, బోర్డుల మీద రెండూ ఉన్నాయి. బోర్డు మీద ఏది ఉంటే అది రాసి, రెండోదాన్ని మరో పేరుగా పెడుతున్నాను.

ఏప్రిల్ 20, ఆదివారం పొద్దున. మ్యాప్ తెరిచి నాలా బస్తీ చూస్తే గుండె ఆగినంత పనైంది. ఇళ్లు గీసి ఉన్నాయి. ఒక్కో కప్పూ చిన్న చిన్న డబ్బాలుగా గీసి ఉంది. లెక్కపెట్టాను, 112. ముందు రోజు రాత్రి ఎవరో దూరంగా ఉన్న మ్యాపర్ శాటిలైట్ ఫోటో చూసి గీశారు. నేను గీసిన గల్లీలను చూసే, ఇక్కడ ఇళ్లు మిగిలిపోయాయని వచ్చి ఉంటారు. వెంటనే ఆ మ్యాపర్‌కు రాశాను. మర్నాడు జవాబు వచ్చింది, చాలా మర్యాదగా. ఆకాశం నుంచి కనిపించే కప్పులు గీయడం మామూలే, అందులో ఎవరి పేర్లూ లేవు, అయినా మీ బాధ అర్థమైంది అని. తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేనే తుడిచేయవచ్చు, మీట నా చేతిలోనే ఉంది. కానీ నిజంగా ఉన్నదాన్ని తుడిచేస్తే అది మ్యాప్‌ను పాడుచేయడం కిందికి వస్తుంది. ఎవరైనా మార్చవచ్చు అనే మాటకు జనవరిలో అంత సంతోషపడ్డాను. నేను మాట ఇచ్చిన రోజు మాత్రం అది గుర్తులేదు. నాది కానిదాని మీద నేను మాట ఇచ్చాను. ఆ వారం సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఏప్రిల్ 27న మళ్లీ బస్తీకి వెళ్లి ఫోన్‌లో చూపించాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒక కుర్రాడు, "గీయనన్నవ్ గదక్కా" అని మొహం తిప్పుకున్నాడు. అతనికి చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది, ఇప్పటికీ అతను నాతో మాట్లాడడు. పెద్దాయన మాత్రం కళ్లద్దాలు తెచ్చుకుని ఫోన్ దగ్గరగా పట్టుకున్నాడు. వేపచెట్టు దగ్గర మొదలుపెట్టి వేలితో ఒక్కో డబ్బా జరుపుతూ తన ఇల్లు పట్టుకున్నాడు. ఇంకా అటూ ఇటూ చూసి, "మా తమ్మునిది లేదు" అన్నాడు. చెట్టు కింద ఉన్న రేకుల ఇల్లు, ఫోటోలో కనబడదు. "గంత దూరంకెళ్లి మా ఇండ్లు కనవడ్డయంటే, నీళ్లొచ్చిన నాడు గూడ కనవడాలె గద బిడ్డా. తమ్మునిది గూడ పెట్టు." నేను వెంటనే పెట్టలేదు. వాళ్ల తమ్ముడిని, ఆయన భార్యను అడిగాను. ఇద్దరూ సరేనన్నాక అక్కడే నిలబడి గీశాను. ఇంకో రెండు కుటుంబాలు వద్దన్నాయి, వాళ్ల రేకుల ఇళ్లు అట్లాగే వదిలేశాను.

ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా ముందే చెప్తున్నాను: నేను గీయకపోవచ్చు గానీ, ఇంకొకరు గీయరని చెప్పలేను. కొంతమంది ఆ మాట విని వెళ్లిపొమ్మంటారు, వెళ్లిపోతాను.

మే నెలాఖరులో కల్వర్టు ఉన్నచోట తాత్కాలికంగా స్లాబులు పరిచారు. జూన్ 1న వెళ్లి చూశాను. మనుషులు, బండ్లు పోతున్నాయి, ఆటో పట్టదు. వెడల్పు నా పాదాలతో కొలిస్తే ఐదు అడుగులు. వంతెనగా గీసి, టూ వీలర్లకు సరే, పెద్ద బండ్లకు కాదు అని పెట్టాను. ఈసారి రెండు వైపులా చుక్కలు కలిశాయో లేదో మూడు సార్లు చూసుకున్నాను. జూన్ 17, మంగళవారం, ఆ స్లాబుల మీదుగా వెళ్లి 6.12కు అవ్వ గడపలో ఉన్నాను. ఫాస్టింగ్ షుగర్ 118. అవ్వ టీ తాగి పొమ్మంది గానీ ఇంకో నాలుగు ఇళ్లు ఉన్నాయి.

మా ల్యాబ్‌లో కొత్తగా ఒక కుర్రాడు చేరాడు, అతని ఫోన్‌లో ఓస్మాండ్ వేయించాను. వెబ్‌లో నిమిషాల్లో కనిపించే మార్పు ఆ యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకునే మ్యాప్‌లోకి రావడానికి నెల తిరగాలి, ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. జూలైలో కొత్త మ్యాప్ రాగానే దించుకోమని చెప్పాను. అప్పటిదాకా నాలా అవతలి ఇళ్లకు నేనే వెళ్తున్నాను.